పాతకాలపు విమానాల మోడళ్లు సేకరించడం ఎలా? రిజిస్ట్రేషన్ అక్షరాల నుంచి మొదలుపెట్టండి

ఎయిరిండియా బోయింగ్ 707 మోడల్ కోసం వెతికితే అదే పేరుతో చాలా కనిపిస్తాయి. ఒకదాని ఇంజన్లు సన్నగా ఉంటాయి, ఇంకోదానివి ముందు లావుగా వెనక సన్నగా ఉంటాయి. ఒకదాని మీది ఎర్రగీత ఒక తీరున సాగితే మరోదాని మీద వేరేలా సాగుతుంది. ధరల్లోనూ పొంతన ఉండదు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ఇక్కడే తికమకపడి, చూడటానికి బాగున్నది కొనేసి, ఏడాది తిరిగేసరికి దాన్ని అల్మారా వెనక్కి నెట్టేస్తారు.

తికమక తీరాలంటే విమానం వెనక భాగాన ఉండే రిజిస్ట్రేషన్ అక్షరాలు చదవడం అలవాటు చేసుకోండి. మన దేశపు విమానాలకు 'వీటీ' అనే రెండక్షరాలు, ఒక గీత, ఆ తర్వాత మూడక్షరాలు ఉంటాయి. వీటీ-డీఎంఎన్ అంటే 'కాంచన్‌జంగా' అన్న పేరున్న 707. అది 1966 జనవరి 24న ఆల్ప్స్‌లోని మోం బ్లాం పర్వతం మీద కూలిపోయింది. వీటీ-ఈబీడీ అంటే 'ఎంపరర్ అశోక', ఎయిరిండియా మొదటి 747. ఆ అక్షరాలు తెలిస్తే విమానం ఏ రకమో, దానికి ఏ ఇంజన్లు బిగించారో, ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా ఎగిరిందో పట్టుకోవచ్చు. సేకరించేవాళ్లు కొనేది కంపెనీ పేరున్న బొమ్మను కాదు, ఫలానా విమానం ఫలానా ఏడులో ఉన్న రూపాన్ని. మిగతా మెట్లన్నీ దీని మీదే ఆధారపడతాయి.

ముందు మీ పరిధి గీసుకోండి

పాత విమానాలన్నీ కొంటానంటే జేబూ చాలదు, ఇల్లూ చాలదు. ఒక వరస ఎంచుకుని దానికి కట్టుబడండి. మన పాఠకులకు నేను చెప్పగల వరసలు మూడున్నాయి.

మొదటిది ఎయిరిండియా దూరప్రయాణాల వరస. 1948 జూన్ 8న 'మలబార్ ప్రిన్సెస్' అనే లాక్‌హీడ్ కాన్‌స్టెలేషన్, వీటీ-సీక్యూపీ, బొంబాయి నుంచి కైరో, జెనీవాల మీదుగా లండన్ వెళ్లింది. 1954 నుంచి సూపర్ కాన్‌స్టెలేషన్లు, 1960 నుంచి 707లు, 1971లో 747 వచ్చాయి. నాలుగు రకాలతో ఒక శకమంతా మీ అల్మారాలోకి వచ్చేస్తుంది. 747-200ల పేర్లన్నీ చక్రవర్తులవే. వాటిలో కృష్ణదేవరాయల పేరు పెట్టినదీ ఒకటుంది. తెలుగువాడి అల్మారాలో దానికి చోటుండాలని నేను గట్టిగా అనుకుంటాను.

రెండోది ఇండియన్ ఎయిర్‌లైన్స్ వరస: డకోటా (డీసీ-3కి, దాని సైనిక రూపమైన సీ-47కు వాడుక పేరు), 1957లో వచ్చిన వైకౌంట్, 1961లో వచ్చిన ఫాకర్ ఫ్రెండ్‌షిప్, 1964లో వచ్చిన కారవెల్, కాన్పూరులో హెచ్‌ఏఎల్ తయారుచేసిన ఆవ్రో. మోడళ్ల కంపెనీలు వీటి మీద తక్కువ దృష్టి పెట్టాయి కాబట్టి వెతుకులాట ఎక్కువ.

మూడోది మన సొంతం. 1945లో నిజాం ప్రభుత్వం, టాటా ఎయిర్‌లైన్స్ కలిసి పెట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట కేంద్రంగా డకోటాలు నడిపింది. 1953లో విమాన కంపెనీలను జాతీయం చేసినప్పుడు అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. దీని మోడల్ కావాలంటే మీరే చేసుకోవడం మేలు. ఎలాగో చివర్లో చెబుతాను.

స్కేలు ఒక్కటే పెట్టుకోండి

1:400 అంటే అసలు విమానంలో నాలుగొందలో వంతు. లెక్క తేలిక: విమానం పొడవును మీటర్లలో తీసుకుని స్కేలు సంఖ్యతో భాగించి వందతో గుణిస్తే సెంటీమీటర్లు వస్తాయి. 747-200 పొడవు 70.6 మీటర్లు. 1:400లో అది పదిహేడున్నర సెంటీమీటర్ల పైచిలుకు, 1:200లో 35 సెంటీమీటర్లు, 1:144లో 49 సెంటీమీటర్లు. డకోటా రెక్కల వెడల్పు 29 మీటర్లు. 1:400లో అది 7 సెంటీమీటర్లే, అంటే కిటికీల వరస చూడాలంటే భూతద్దం పట్టుకోవాల్సిందే. 1:200లో 14.5, 1:144లో 20 సెంటీమీటర్లు వస్తుంది.

కొనేముందు పాత వార్తాపత్రిక మీద ఆ కొలతలతో అడ్డంగా, నిలువుగా గీతలు గీసి, కత్తిరించి, మీ అల్మారా అరలో పరిచి చూడండి. 1:200లో ఒక్క 747 పెడితే మామూలు పుస్తకాల అర సగానికి పైగా నిండుతుంది.

నా సలహా ఇది: జెట్ విమానాలు ప్రధానమైతే 1:400, ప్రొపెల్లర్ విమానాలు ప్రధానమైతే 1:200. పాతకాలపు విమానాలకు 1:400లో ఏరోక్లాసిక్స్, జెమినీ జెట్స్, 1:200లో ఇన్‌ఫ్లైట్ 200 పేర్లు తరచూ వింటారు. జర్మనీకి చెందిన హెర్పా 1:500లో చాలా రకాలు తెచ్చింది. మీరే అతికించి రంగులేసుకునే ప్లాస్టిక్ కిట్లకు 1:144 అందరూ వాడే కొలత. రెండు స్కేళ్లు ఒకే అరలో కలిపితే 747 పక్కన డకోటా దానికంటే పెద్దదిగా కనిపించే ప్రమాదం ఉంది. విమానాలు ఏటికేడు ఎలా పెరిగాయో చూడటమే ఈ సేకరణలోని అసలు ఆనందం, కాబట్టి కలపకండి.

అసలు విమానం ఫొటో లేకుండా కొనొద్దు

రిజిస్ట్రేషన్ తెలిశాక ఆ విమానం ఫొటోలు కనీసం రెండు, వేర్వేరు వైపుల నుంచి తీసినవి సంపాదించండి. ఫొటో తీసిన ఏడు తెలియడం ముఖ్యం, ఎందుకంటే ఒకే విమానానికి పదేళ్లలో రంగులు మారతాయి, యాంటెన్నాలు మారతాయి, ఒక్కోసారి ముక్కు కూడా మారుతుంది.

ఫొటో ఒక్కటే ఆధారం కాదు. ఆ రోజుల టైంటేబుళ్లు, ప్రకటనలు, సామాను మీద అంటించే లేబుళ్లు, తపాలా బిళ్లలు కూడా పనికొస్తాయి. భారత్-బ్రిటన్ విమాన సర్వీసు మొదలైన సందర్భంగా 1948లో మన తపాలాశాఖ పన్నెండణాల బిళ్ల వేసింది. దాని మీద ఉన్నది కాన్‌స్టెలేషనే.

అసలు విమానాన్ని దగ్గర నుంచి చూడగలిగితే ఇంకా మంచిది. గోవాలోని నౌకాదళ విమాన మ్యూజియంలో ఒకప్పుడు ఎయిరిండియాలో తిరిగి, తర్వాత సైనిక సేవకు మారిన సూపర్ కాన్‌స్టెలేషన్ ఉంది. దాని చుట్టూ ఒకసారి తిరిగి, మూడు తోకల కింద నిలబడి పైకి చూస్తే మోడల్‌లో తోకల వంపు సరిగా ఉందో లేదో మీ కళ్లే చెబుతాయి. సెలవులకు గోవా వెళ్లేవాళ్లు బీచ్‌కు కాస్త విరామమిచ్చి దీనికి ఒక పూట కేటాయించండి.

మోల్డ్ (అచ్చు) సరైనదో కాదో పట్టుకోవడం

కంపెనీలు ఒక విమానానికి ఒక మోల్డ్ చేసి, దాని మీదే పది విమానసంస్థల రంగులు వేస్తాయి. ఖర్చు తగ్గించుకోవడానికి ఒక్కోసారి దగ్గరి చుట్టంలాంటి వేరే రకానికి కూడా అదే మోల్డ్ వాడేస్తాయి. రంగులు అచ్చుగుద్దినట్టున్నా విమానం మాత్రం వేరేది అవుతుంది. దీన్ని పట్టుకోవడం నేర్చుకున్నారంటే మిగతా సేకరణంతా సులువైపోతుంది, అందుకే ఇక్కడ కాస్త వివరంగా చెబుతాను.

కాన్‌స్టెలేషన్ దగ్గర మొదలుపెడదాం. మలబార్ ప్రిన్సెస్ ఎల్-749 రకం. దాని కిటికీలు గుండ్రంగా ఉంటాయి. సూపర్ కాన్‌స్టెలేషన్ ఎల్-1049 రకం. దాని ఒళ్లు ఐదున్నర మీటర్లు పొడవు పెరిగింది, కిటికీలు చదరంగా మారాయి. మలబార్ ప్రిన్సెస్ పేరు రాసి ఉన్న మోడల్‌కు చదరపు కిటికీలుంటే దాన్ని వదిలేయండి. సూపర్ కాన్‌స్టెలేషన్లలో మళ్లీ తేడాలున్నాయి: కొన్నింటికి వాతావరణ రాడార్ కోసం ముక్కు పొడవుగా సాగి ఉంటుంది, కొన్నింటికి రెక్కల కొసల్లో ఇంధన ట్యాంకులుంటాయి. ఈ రెండూ మీ ఫొటోలో ఉన్నాయో లేవో చూసి, మోడల్‌తో సరిపోల్చండి.

707లో అసలు గుట్టంతా ఇంజన్లలో ఉంది. ఎయిరిండియా మొదట తెప్పించినవి 707-437లు. వాటికి రోల్స్‌రాయిస్ కాన్వే ఇంజన్లు. తర్వాత వచ్చిన 337 రకాలకు ప్రాట్ అండ్ విట్నీ టర్బోఫాన్లు. టర్బోఫాన్ తొడుగు ముందు భాగం లావుగా ఉండి, మధ్యలో మెట్టులా దిగి, వెనక సన్నబడుతుంది. కాన్వే తొడుగుకు ఆ మెట్టు ఉండదు, నున్నగా సాగి వెనక మూతి దగ్గర శబ్దం తగ్గించే మడతలతో ముగుస్తుంది. వీటీ-డీఎంఎన్ అక్షరాలున్న మోడల్‌కు మెట్టున్న ఇంజన్లు బిగించి ఉంటే అది కాంచన్‌జంగా కాదు. అమ్మేవాళ్లను రెక్క కింద నుంచి ఒక ఫొటో అడగండి, ఒక్క చూపులో తేలిపోతుంది.

747కు పై అంతస్తు కిటికీలు లెక్కపెట్టండి. తొలి 747లకు పైన ఒక్కో వైపు మూడే కిటికీలు. తర్వాతి కాలపు 200 రకాలకు పది దాకా ఉన్నాయి. ఎయిరిండియా 747లకు కిటికీల చుట్టూ రాజస్థానీ ఝరోకా (మహళ్ల కిటికీ) తీరులో ఎర్రటి తోరణాలు వేశారు. 1:400లో ఆ తోరణం ఒక్కోటి మిల్లీమీటరు కంటే తక్కువ. భూతద్దంతో చూస్తే మంచి ముద్రణలో కమాను కొస తేలుతుంది, నాసిరకం ముద్రణలో ఎర్రటి మచ్చలా అలుక్కుపోతుంది. ఇంకో సంగతి, తోరణం అసలు కిటికీ చుట్టూ సరిగ్గా కూర్చుందా, పక్కకు జరిగిందా చూడండి. నేను 747 మోడల్ చేతికి తీసుకుంటే మొట్టమొదట చూసేది ఇదే.

డకోటాకు తలుపు చూడాలి. యుద్ధం ముగిశాక మిగులుగా అమ్మేసిన సీ-47లను మన కంపెనీలు చాలా కొన్నాయి. సైన్యం కోసం కట్టిన సీ-47కు ఎడమవైపు వెనక రెండు రెక్కల పెద్ద సరుకుల తలుపు ఉంటుంది. ప్రయాణికుల కోసమే కట్టిన డీసీ-3కి చిన్న తలుపే ఉంటుంది. 1949లో నాగపూర్ కూడలిగా రాత్రి తపాలా విమానాలు మొదలైనప్పుడు తిరిగినవీ డకోటాలే. ఆ వరస సేకరించేవాళ్లకు ఈ తలుపు తేడా బాగా పనికొస్తుంది.

మిగతావాటికి గుర్తులు చిన్నవి. వైకౌంట్‌కు పెద్ద కోడిగుడ్డు ఆకారపు కిటికీలు, కారవెల్‌కు మూలలు గుండ్రంగా ఉన్న ముక్కోణపు కిటికీలు, బ్రిటన్ జెట్ విమానం కామెట్ మొదటి రకానికి చదరపు కిటికీలు, కామెట్ 4కు గుండ్రటివి. ఇవి తప్పిన మోడల్‌కు డబ్బు పెట్టొద్దు.

ముద్రణ, రంగు, అతుకులు

మోల్డ్ సరైనదని తేలాక పనితనం చూడండి. రెక్క ఒంటికి కలిసేచోట సందు ఉందా? ఒంటి మీద సాగే గీత తలుపు దగ్గర, ముక్కు దగ్గర తెగకుండా కలిసిందా? రెండు వైపులా ఒకే ఎత్తులో ఉందా? ముందు చక్రం వంకరగా ఉందా? ప్రొపెల్లర్లు తిరుగుతాయా, నాలుగూ ఒకే కోణంలో బిగించారా?

పాత విమానాల అడుగు భాగం పెయింట్ లేని మెరిసే లోహం. దాన్ని బూడిదరంగు పెయింట్‌తో సరిపెట్టిన మోడళ్లు దూరం నుంచే తెలిసిపోతాయి. ఎరుపు విషయంలో మాత్రం ఫొటోలను గుడ్డిగా నమ్మకండి. ఆ కాలపు రంగు ఫిల్మ్ పాతబడేకొద్దీ ఎరుపు ఛాయ మారిపోతుంది. రెండు మూడు ఫొటోలు, వీలైతే ఒక పోస్టరు, పక్కపక్కన పెట్టి నిర్ణయించుకోండి.

కొనేటప్పుడు

పాత మోడళ్లు కంపెనీలు పరిమిత సంఖ్యలో తీసి ఆపేస్తాయి. అయిపోయాక సేకర్తల దగ్గరే కొనాలి. అప్పుడు ఈ ఫొటోలు అడగండి: రెండు పక్కలు, పైనుంచి, కిందనుంచి, ముక్కు దగ్గరగా, తోక దగ్గరగా, పెట్టె, పెట్టెలోని ప్లాస్టిక్ ట్రే. యాంటెన్నాలు విరిగాయా అని మాటల్లో కూడా అడిగి జవాబు రాయించుకోండి. అసలు పెట్టె, ట్రే లేకపోతే ధర తగ్గించమని అడగడం న్యాయమే, ఎందుకంటే తర్వాత మీరు అమ్మినా అదే తగ్గింపు భరించాలి.

విదేశాల నుంచి తెప్పిస్తే మోడల్ ధర, రవాణా, కస్టమ్స్ సుంకం, దాని మీద జీఎస్టీ, కొరియర్ వాళ్ల చార్జీ అన్నీ కూడి, అప్పుడు కొనాలో వద్దో తేల్చుకోండి. అమెరికా నుంచో దుబాయ్ నుంచో చుట్టాలు వస్తుంటే వాళ్లకు చిన్న పెట్టె ఒకటి అప్పగించడం మన ఇళ్లలో మామూలే. చేతిసంచీలోనే పెట్టుకోమని, బిల్లు దగ్గరుంచుకోమని చెప్పండి. చెక్-ఇన్ సూట్‌కేసులో వేస్తే తోక రెక్కలు నిలవవు.

'పాత టికెట్ ఆఫీసులో ఉన్న మోడల్' అంటూ అమ్మే పెద్ద చెక్క మోడళ్ల దగ్గర జాగ్రత్త. ఫిలిప్పీన్స్‌లో మహోగని చెక్కతో కొత్తగా చెక్కేవి చాలా ఉన్నాయి. అవి అందంగానే ఉంటాయి, కానీ వాటికి పాతదని ధర పెట్టకూడదు.

రెండో ప్రపంచయుద్ధానికి ముందు కాలపు డింకీ (బ్రిటిష్ బొమ్మల కంపెనీ) లోహ విమానాలు దొరికితే అతుకుల దగ్గర, రెక్కల మీద సన్నటి పగుళ్ల కోసం చూడండి. జింకు మిశ్రమంలో సీసం కలిస్తే ఏళ్లు గడిచేకొద్దీ లోహం ఉబ్బి, పగిలి, పొడిపొడిగా రాలిపోతుంది. దానికి మందు లేదు. పగులు కనిపిస్తే ఎంత చవకైనా వద్దు.

ఇంటికొచ్చాక

పెట్టె మంచం మీదో మడిచిన దుప్పటి మీదో పెట్టి తెరవండి, జారిపడినా దెబ్బ తగలదు. ట్రే పై మూతను ఒక మూల నుంచి కాకుండా రెండు వైపులా సమంగా ఎత్తండి. యాంటెన్నాలు ఎక్కువగా విరిగేది ఈ క్షణంలోనే. విమానాన్ని ఒంటి మధ్యలో పట్టుకోండి, రెక్కల కొసలు పట్టి ఎత్తొద్దు.

దాచడంలో మన వాతావరణమే పెద్ద పరీక్ష. విశాఖ, కాకినాడలాంటి చోట్ల ఉప్పుగాలి, తేమ లోహ మోడళ్ల రంగు కింద బుడగలు లేపుతాయి. తలుపు బాగా మూసుకునే గాజు అల్మారా వాడండి, ప్రతి అరలో సిలికా జెల్ పొట్లం పెట్టి, రంగు మారినప్పుడల్లా మార్చండి. కొత్త ప్లైవుడ్, ఎండీఎఫ్ అల్మారాలు కొన్నాళ్లపాటు ఆమ్లపు ఆవిర్లు వదులుతాయి. వాటిని కొన్నాళ్లు తెరిచి గాలాడనిచ్చి ఆ తర్వాతే మోడళ్లు సర్దండి.

బట్టల అల్మారాలో వేసినట్టు ఇక్కడ నాఫ్తలీన్ ఉండలు, కర్పూరం వేయకండి. ఆ ఆవిరికి ప్లాస్టిక్ భాగాలు మెత్తబడి, రంగు జిగురెక్కుతుంది. బబుల్ రేపర్‌లో నేరుగా చుట్టి ఏళ్లతరబడి ఉంచినా రంగు మీద గుండ్రటి మచ్చలు పడతాయి. ముందు మెత్తటి ఆమ్లరహిత కాగితం చుట్టి, దాని మీద బబుల్ రేపర్ చుట్టండి. ఎండ తగిలే కిటికీ పక్కన పెడితే తెల్ల రంగు పసుపెక్కుతుంది. దుమ్ముకు మెత్తటి పెయింటింగ్ కుంచె చాలు. స్పిరిట్, శానిటైజర్ తగిలితే అక్షరాలే చెరిగిపోతాయి.

దొరకని విమానం మీరే చేసుకోండి

ఇక డెక్కన్ ఎయిర్‌వేస్ డకోటా. 1:144లో డీసీ-3 ప్లాస్టిక్ కిట్లు దొరుకుతాయి. మినీక్రాఫ్ట్ కంపెనీది అందులో ఒకటి. మీరు ఎంచుకున్న విమానం ఫొటో ఎదురుగా పెట్టుకోండి. పెద్ద తలుపున్న విమానమైతే ఆ తలుపు గీతలను అతికించకముందే సూదిమొనతో చెక్కుకోవాలి. ఒంటి రెండు సగాలూ అతికించాక అతుకు మీద పుట్టీ పూసి, ఆరాక నీళ్లలో తడిపిన సన్నటి ఎమరీ కాగితంతో, వేలికి గీత తగలనంత వరకు రుద్దండి. లోహపు మెరుపు రంగు కింద చిన్న గీతైనా పెద్దదిగా కనిపిస్తుంది కాబట్టి ఇక్కడ తొందర పనికిరాదు. ముందు నిగనిగలాడే నల్ల రంగు ఒక పూత, అది పూర్తిగా ఆరాక అల్యూమినియం రంగు పలచటి పూతలు రెండు మూడు. నలుపు మీద పడితేనే అల్యూమినియం నిజమైన లోహంలా మెరుస్తుంది.

అక్షరాలకు నీళ్లలో నానబెట్టి జార్చే డెకాల్ కాగితం తెచ్చుకోండి. కంప్యూటర్‌లో కొలతకు గీసి, ముందు మామూలు కాగితం మీద ముద్రించి విమానం పక్కన పెట్టి చూడండి. సైజు కుదిరాకే డెకాల్ కాగితం మీద వేయండి. ఇంక్‌జెట్ ప్రింటరైతే ముద్రించాక పారదర్శక వార్నిష్ రెండు పూతలు స్ప్రే చేసి ఒక రోజంతా ఆరనివ్వాలి, లేకపోతే నీళ్లలో వేయగానే సిరా కరిగిపోతుంది. ఇంటి ప్రింటర్లు తెలుపు ముద్రించలేవు కాబట్టి తెల్ల అక్షరాలు కావాల్సినచోట తెల్ల డెకాల్ కాగితం వాడి, చుట్టూ ఉండే రంగునే ముద్రించండి.

విమానం మీద ఒక చుక్క నీళ్లు వేసి, డెకాల్‌ను తడి కుంచెతో జార్చి, చోటు సరిచేసి, మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచులకు అద్దండి. ముందు రిజిస్ట్రేషన్, తర్వాత కంపెనీ పేరు, చివర గీతలు. రిజిస్ట్రేషన్ కుదిరితే మిగతావాటికి అదే కొలబద్ద. రెండు రోజులు ఆరాక పలచటి పారదర్శక పూత ఒకటి వేసి, ప్రొపెల్లర్లు, యాంటెన్నాలు ఆఖర్న బిగించండి. స్టాండు అడుగున రిజిస్ట్రేషన్, విమానం రకం, మీరు ఆధారంగా తీసుకున్న ఫొటో ఏడు, వాడిన రంగుల పేర్లు చిన్న చీటీ మీద రాసి అంటించండి. రంగు ఎక్కడైనా గీసుకుపోతే సరిచేయడానికి ఆ చీటీ కావాలి.